బొమ్మకథలు మేలుకొలిపిన పిల్లలకు ఆటస్థల మెక్కడ?

అబ్దుల్లాపూర్‌మెట్,
రంగారెడ్డి జిల్లా.

తెలంగాణ క్రీడా ప్రాధికార సంస్థ అధ్యక్షులవారి సన్నిధికి,

ఆర్యా,

నగరమునకు తూర్పుదిక్కున విజయవాడకు పోవు జాతీయ రహదారిమీద, ఎల్బీనగర్, వనస్థలిపురము, హయత్‌నగర్ దాటి, పెద్ద అంబర్‌పేటయొద్ద ఔటర్ రింగురోడ్డును గడచిన పిమ్మట వచ్చు అబ్దుల్లాపూర్‌మెట్ నుండి ఈ లేఖ వ్రాయుచున్నాను. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు హయత్‌నగర్ మండలమునుండి వేరుపడి మాది స్వతంత్ర మండలమైనది. ఒకప్పుడు చేలును బీళ్లును ఉన్న యీ నేలమీద ఇప్పుడు వెంచర్ల హద్దురాళ్లును, ఇంజనీరింగు కళాశాలల మేడలును, కొత్తపేటనుండి బాటసింగారమునకు తరలివచ్చిన పండ్లమార్కెటును కనబడుచున్నవి. నేను చిరకాలము ఉపాధ్యాయవృత్తిలో నుండి విశ్రమించినవాడను. క్రీడాశాస్త్రము నభ్యసించినవాడను గాను. అయినను తమకు విన్నవింపదలచిన విషయము తమ సంస్థ పూనికకు తగినదగుట చేతను, దానినిగూర్చి మనసుపెట్టి మాటలాడువారు నాకు కానరాకపోవుట చేతను, బహిరంగముగా ఈ నాలుగు మాటలు వ్రాయుటకు పూనుకొంటిని.

మా ప్రాంతపు యువజనులు, విశేషించి పదవ తరగతియు ఇంటర్మీడియటును చదువుచున్న బాలబాలికలు, కొన్నియేండ్లుగా జపాను దేశపు బొమ్మల చిత్రములను, అనిమే యని లోకమున వాడబడుచున్నవానిని, అమితాసక్తితో చూచుచున్నారు. ఇది ఏ కొద్దిమందికో పరిమితమైన వేడుక యని తాము తలపవలదు. జపానువారు మనవారితో కలిసి చిత్రించిన రామాయణము 2025 జనవరి 24న తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చినది. ఆ యేడే సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ అను చిత్రమును తెలుగు మాటలతోనే విడుదలయినది. తల్లిదండ్రులు నాయొద్దకు వచ్చి, “పొద్దస్తమానం ఆ జపాన్ బొమ్మలే చూస్తడు సార్, పుస్తకం ముట్టడు” అని మొరపెట్టుకొందురు. వారి బాధ నాకు తెలియును. కాని పిల్లలు చూచు ఆ కథలలో ఆటల కథలని ఒక శాఖ కలదు. వాలీబాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, పరుగు, ఈత, సైకిలు పందెము, బాక్సింగు మొదలైన వానినే ప్రాణముగా జేసికొని నడచు దీర్ఘకథలవి. వానిని చూచిన పిల్లలే తెల్లవారకమునుపు రింగురోడ్డు పక్క సర్వీసు రోడ్డుమీద పరుగెత్తుచుండగను, అమ్ముడుపోని ప్లాట్ల నడుమ రెండు కర్రలు పాతి నెట్టు కట్టి వాలీబాల్ ఆడుచుండగను నేను పలుమారులు చూచితిని. ఎవరు నేర్పినారని యడిగినచో, “హైక్యూ చూసినం సార్” అని తల యెత్తి చెప్పుదురు.

ఆ ప్రత్యుత్తరము నాలో కలిగించిన దృఢాభిప్రాయమే యీ లేఖకు మూలము. కథ పిల్లవానిని మంచముమీదినుండి లేపగలదు, వాకిలి దాటింపగలదు. వాకిలి దాటిన పిమ్మట వానికి నేల కావలెను, నేర్పు గురువు కావలెను. మొదటి పని జపాను చిత్రకారులు చేసి పెట్టినారు. రెండవ పని మనది, అందును ముఖ్యముగా తమది.

వారు చెప్పిన ‘హైక్యూ’ హరూఇచి ఫురుదాతే యను చిత్రకారుడు 2012లో పత్రికలో ఆరంభించి 2020 వరకు నడిపిన కథ, 2014నుండి తెరకెక్కినది. అందలి కథానాయకుడు హినాతా పొట్టివాడు, ఉన్నతపాఠశాలలో చేరునప్పటికి 162 సెంటీమీటర్లే. వాలీబాల్ పొడగరుల ఆట. అట్టివాడు బాల్యమున ఒకనాడు సైకిలుమీద పోవుచు వీథిలోని టెలివిజనులో తనవలెనే పొట్టివాడైన యొక ఆటగాడు నెట్టుపైకి ఎగిరి బంతిని కొట్టుట చూచి, ఆ క్షణమే తన దారిని నిశ్చయించుకొనును. తెరను చూచి మేలుకొన్నవాడే ఆ కథకు నాయకుడు. కావున తెరను చూచి మేలుకొన్న మా పిల్లలను తప్పుపట్టుటకు ముందు, ఆ మేలుకొలుపు వారిని ఎచ్చటికి కొనిపోవుచున్నదో పెద్దలు ఒక్క ఉదయమైనను వెళ్లి చూడవలెను.

జపాను చరిత్రయే ఇందుకు చాలినంత సాక్ష్యమిచ్చుచున్నది. 1964లో టోక్యో ఒలింపిక్సున ఆ దేశపు స్త్రీల వాలీబాల్ జట్టు స్వర్ణపతకము గెలిచినది. ఆ ఉత్సాహము చల్లారకముందే, 1968లో ‘అటాక్ నంబర్ 1’ అను బాలికల వాలీబాల్ కథ పత్రికలోను, మరుసటి యేట టెలివిజనులోను వెలువడి, ఎందరో బాలికలను బంతి పట్టించినది. 1978 ప్రపంచకప్పు ఫుట్‌బాల్ పోటీలను చూచి ముగ్ధుడైన యోఇచి తకాహాషి, తన దేశమున ఆ యాటకు వృత్తిపరమైన లీగైనను లేని కాలమున, 1981లో ‘కెప్టెన్ త్సుబాసా’ మొదలిడెను. బంతిని తన ప్రాణస్నేహితునిగా భావించు పిల్లవాని కథ యది. దానిని చూచిన పిల్లలు పెద్దవారగునప్పటికి, 1993లో, జె-లీగు వెలసినది. 1998లో జపాను మొట్టమొదటిసారి ప్రపంచకప్పున కాలుపెట్టినది. 2022లో ఖతారున జర్మనీని, స్పెయినును ఓడించినది. ఆ స్పెయినుకే చెందిన ఫెర్నాందో టొరెస్ తాను చిన్ననాడు ఈ బొమ్మలు చూచియే ఫుట్‌బాల్ మొదలుపెట్టితినని చెప్పియున్నాడు. బాస్కెట్‌బాల్ విషయమున ‘స్లామ్ డంక్’ ఇట్టి పనియే చేసినది. దాని కర్త తకెహికో ఇనోఉయె అంతటితో తృప్తి చెందక, 2006లో ఆ కథ పేరిట విద్యార్థివేతనమును నెలకొల్పి, యువకులైన ఆటగాండ్రను అమెరికా పాఠశాలలకు పంపు ఏర్పాటు చేసెను.

ఇందు నేను కథకే సమస్తమైన ఘనతను కట్టబెట్టుట లేదు. కథను చూచి లేచిన జపాను బాలుడు మరునాడు బడికి పోయినచో అచ్చట వానికి ఒక వ్యాయామశాల యుండెను, బడి విడిచిన పిమ్మట నడచు క్రీడాసంఘ ముండెను, సాయంకాలము దీపములు వెలుగువరకు పిల్లలతో నిలిచియుండు ఉపాధ్యాయు డుండెను. ఆ కథలలో ఏది చూచినను, పాఠశాల యనగానే దానికొక ఆటశాల యున్నదని కథకుడు అనాలోచితముగనే వ్రాయును, చదువరి సందేహింపడు. మా పిల్లలకు మాత్రము, బంతి మంటలెగయుచు పోవుటకంటె, ప్రతి బడికిని ఒక ఆటశాల యుండుటయే ఎక్కువ అద్భుతముగా తోచుచున్నది. ఒక బాలిక నాతో ఈ మాటయే అన్నప్పుడు నాకు సమాధానము దొరకలేదు.

ఇక ఈ కథలు నేర్పు అలవాట్లనుగూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, ఇవి కేవలము గెలుపోటముల ఉద్రేకమును రేపునవి యని చూడనివారు తలచుచుందురు. నేను పిల్లల పక్కన కూర్చుండి చూచినవానిలో నా మనస్సును మిక్కిలి హరించినది ‘రన్ విత్ ది విండ్’. షియోన్ మియురా అను రచయిత్రి 2006లో ప్రకటించిన నవలకు 2018–19లో వచ్చిన చిత్రరూప మది. ఒక పాత వసతిగృహమున కాపురముండు పదుగురు విద్యార్థులు, వారిలో పెక్కుమంది పోటీకని ఎన్నడును పరుగెత్తనివారు, హకొనె ఎకిదెన్ అను పరుగు పందెమునకు ఆయత్తపడుటయే కథ. ఆ పందెము కల్పితము గాదు. 1920లో పుట్టి, నేటికిని ప్రతి యేట జనవరి 2, 3 తేదీలలో, టోక్యో నడిబొడ్డునుండి హకొనె కొండల నడుమనున్న ఆషి సరస్సు వరకును, మరల అచ్చటినుండి టోక్యోకును, పది అంచెలుగా 217.1 కిలోమీటర్లు సాగును. ఒక్కొక్కడు ఇరువది కిలోమీటర్లకు పైగా పరుగెత్తి, భుజమునుండి వ్రేలాడు పట్టీని తీసి తరువాతివానికి అందింపవలెను. ఆ పదుగురిలో ఒకడు గదినిండ బొమ్మల పుస్తకములు పేర్చుకొని వానిలోనే బ్రతుకువాడు. మొదట అందరికంటె వెనుకబడి, ఒగర్చుచు, దారిలో కూలబడుచు, అయినను మరునాడు మరల బయలుదేరుచు, తుదకు పందెమున మొదటి అంచెకు నిలుచును. వేరొకడు పొగత్రాగుటకు అలవడినవాడు. సిగరెట్టు మానినపుడు వ్రేళ్లు ఊరకుండక వేధించుచుండగా, తీగెను వంచి చిన్న చిన్న మనుష్యుల బొమ్మలు చేయుచు ఆ బాధను జయించును. దురభ్యాసము మానదలచినవాడు చేతులకు మరియొక పని చెప్పవలెనని యే వైద్యుడు చెప్పినను ఇంత హృదయంగమముగా చెప్పగలడా?

‘యొవాముషి పెడల్’ కథలోని ఒనొదా అనిమే పిచ్చిగల పిల్లవాడే; రైలుచార్జీ మిగిల్చి ఆ డబ్బుతో బొమ్మలు కొనుక్కొనవలెనని, తల్లులు కూరగాయలకు తీసికొనిపోవునట్టి బరువు సైకిలుమీద తన యూరినుండి టోక్యోలోని అకిహబారా అంగళ్లకు పోను నలువది యైదు, రాను నలువది యైదు, వెరసి 90 కిలోమీటర్లు త్రొక్కుచుండును. తెలియకయే వాని కాళ్లు పందెగాని కాళ్లగును. ‘బేబీ స్టెప్స్’ కథలోని బాలుడు మార్కులలో ప్రథముడు, ఒడలు కదలనివాడు. శరీరమునకు వ్యాయామము చాలుట లేదని తెలిసికొని టెన్నిసులో చేరి, పాఠములు వ్రాసికొను నోటుపుస్తకపు అలవాటునే ఆటకు మరలించి, ప్రతి బంతియు ఎచ్చట పడినదో గుర్తించుకొని తన లోపములను సరిదిద్దుకొనును. ఎల్బీనగర్ చుట్టుపట్ల ర్యాంకుల కొరకు రేయింబవళ్లు వ్రాయుచున్న మా పిల్లలకు ఇంతకంటె సన్నిహితుడైన నాయకుడు దొరకడు. చదువునకును ఆటకును వైరమున్నదని నమ్ము తల్లిదండ్రులకు ఈ కథను చూపవలెనని నా కోరిక. ‘బిగ్ విండప్’ అను బేస్‌బాల్ కథలోనైతే శిక్షకురాలు పిల్లలకు బంతి విసరుటకంటె ముందు అన్నము తినుట నేర్పును. అన్నపుముద్దలను ఎదుట పెట్టుకొని, వాని రుచిని తలచుచు అందరును ఒక్కగొంతుతో ఆనందమును ప్రకటించి తినవలెను. శరీరమును వదులుచేసి కూర్చుండి మనస్సును నిలుపుట అభ్యసింపవలెను. దాని కర్త్రి అసా హిగుచి క్రీడామనస్తత్వశాస్త్రమును చదివినది. ఆ చదువు కథలో అడుగడుగున పలుకును.

‘హైక్యూ’లోనే, మూలమైన బొమ్మల పుస్తకమున, ఒక ఘట్టము కలదు. జాతీయపోటీలలో, జట్టు నడిసముద్రమున నున్న వేళ, హినాతాకు జ్వరము వచ్చును. వాడు ఆడుదునని మంకుపట్టు పట్టును. ఉపాధ్యాయుడు వానిని కోపింపక, శరీరమును కాచుకొనుటయు వాలీబాల్‌లోని భాగమే యని, ఈ రోజు నీవు కోర్టు విడుచుట రేపటి ఆటలకొరకని నచ్చజెప్పి వెలుపలికి కొనిపోవును. నిద్ర, భోజనము, విశ్రాంతి అనునవి బద్ధకస్తుల విలాసములు గావనియు, అవియు సాధనలోనివే యనియు పదునారేండ్లవానికి ఈ ఘట్టము తెలియజెప్పినంత బలముగా నేను ఇన్నియేండ్లు పాఠము చెప్పియు తెలియజెప్పలేకపోయితిని.

అయితే ఈ కథలన్నియు ఏకరీతిగా మేలు చేయునవని నేననను. తొలినాటివానిలో కఠోరత్వము మెండు. 1966లో పత్రికలో ఆరంభమై 1968లో తెరకెక్కిన ‘క్యోజిన్ నొ హోషి’ అను బేస్‌బాల్ కథలో తండ్రి కుమారుని దేహమునకు స్ప్రింగులతో చేసిన బిగువైన సాధనమును తొడిగి, తిండివేళను నిద్రవేళను గూడ వానిని వదలక, తన నెరవేరని కోరికను వానిచేత నెరవేర్పించుకొనజూచును. కడకు ఆ కుమారుడు అపూర్వవిజయము సాధించిన నాడే వాని ఎడమచేయి శాశ్వతముగా పాడగును. ‘అషితా నొ జో’ అను బాక్సింగు కథలో రికిఇషి యను బాక్సరు ప్రత్యర్థితో సమానమైన తూకమునకు దిగుటకై నీరైనను త్రాగక శరీరమును శుష్కింపజేసికొని, గెలిచియు మరణించును; 1970లో చదువరులు ఆ కల్పితవ్యక్తికి నిజముగా శ్రద్ధాంజలిసభ జరిపినారు. ‘క్యోజిన్ నొ హోషి’ మన దేశమునకు సంబంధించినది గూడ. ఆ కథనే క్రికెట్టునకు మార్చి, ముంబై పేదవాడలోని బాలుని నాయకునిగా జేసి, ‘సూరజ్: ది రైజింగ్ స్టార్’ అను పేర 2012 డిసెంబరులో కలర్స్ టీవీలో ప్రసారము చేసినారు. ఆ తండ్రి మన ప్రేక్షకులకు పరాయివానిగా తోచియుండడు. కుమారుని దేహముమీద తన ఆశను కట్టిన తండ్రులు మా దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్ల మెట్లమీద ప్రతి జూన్‌లోను కనబడుదురు. వారు ప్రేమలేనివారు కారు. కాని ఆ కథాంతమును వారికి ఎవ్వరును చెప్పలేదు.

గురువు లేని ఉత్సాహమునకు గల ప్రమాదమును మా యూరనే చూచుచున్నాను. చిత్రమును చూచి ఉప్పొంగిన పిల్లవాడు మొదటినాడే సిమెంటు రోడ్డుమీద అరిగిన చెప్పులతో ఊపిరి పట్టువిడుచువరకు పరుగెత్తును. వారము తిరుగకమునుపే ముంగాలు నొప్పియని కుంటుచు మూలపడును. ఊపిరి త్వరగా అలవడును గాని, ఎముకలును స్నాయువులును బరువునకు అలవడుట మెల్లగా జరుగును. కావున దూరమును కొద్దికొద్దిగా పెంచుకొనవలెనని, నడుమ విశ్రాంతిదినములుండవలెనని చెప్పువాడు పక్కన నుండవలెను. ‘స్లామ్ డంక్’ నాయకుడు ఒక్క వారములో ఇరువదివేల సార్లు బంతిని వేసి అభ్యసించుట చూచి అదే సంఖ్యకు పూనుకొన్న పిల్లవానికి, ఆ నాయకునిపక్క రాత్రింబవళ్లు శిక్షకుడును మిత్రులును ఉండిరనియు, ఆ నాయకుడే తరువాత వీపు గాయముతో చికిత్సలో పడెననియు గుర్తుచేయువాడు కావలెను. పొడులు త్రాగి కండలు పెంచుకొనదలచువారికి పెసరపప్పు, గుడ్డు, పాలు, పల్లీలు చూపువాడు కావలెను. ఆ పని తెర చేయజాలదు, వ్యాయామోపాధ్యాయుడే చేయవలెను.

కథను చూచి దేహమును సాధించుట మన నేలకు క్రొత్తయని ఎవరైనను అందురేని, వారు మన సాముగరిడీలను, హైదరాబాదు పాతబస్తీ తాలీంఖానాలను మరచినవారు. వ్యాయామశాల గోడమీద ఆంజనేయుని బొమ్మ లేనిదే దండీలు బస్కీలు మొదలుపెట్టని కాలముండెను. సముద్రమును లంఘించినవాని కథ విని పెరిగినవారే ఇసుకలో కుస్తీ పట్టిరి. వీరఘట్టమున పుట్టి, వ్యాయామశిక్షకుడై, పిమ్మట సర్కసు నెలకొల్పి దేశదేశములు తిరిగిన కోడి రామమూర్తి నాయుడు గారిని జనులు కలియుగ భీముడన్నారనగా, భీముని కథ వారి చెవులలో నిండియున్నదనియే గదా అర్థము. మన నగరముననే పాఠశాలలో ఉపాధ్యాయుడై, ఫుట్‌బాల్ గురువై, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున భారతజట్టును నాలుగవ స్థానమునకును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమునకును నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబుగారు, పిల్లవాని ఉత్సాహమునకు గురువు తోడైనచో ఏమగునో చూపినారు. 2001లో పుల్లెల గోపీచంద్ గారు ఆల్ ఇంగ్లండు గెలిచిన వార్త విని ఒక చిన్నారి బాడ్మింటను రాకెట్టు పట్టినది. ఆమె తల్లిదండ్రు లిరువురు వాలీబాల్ క్రీడాకారులు. ఆ చిన్నారి పి.వి. సింధు. ఆమెకు వార్త ఒక్కటే చాలలేదు. గచ్చిబౌలిలో కోర్టు ఉండెను, గురువు ఉండెను, ప్రతిదినము తెల్లవారకమునుపు అంతదూరము తీసికొనిపోవు తండ్రి యుండెను.

మరియొక సంగతి తమ దృష్టికి తేవలసియున్నది. ఇది నాకు ఆనందమును సిగ్గును ఏకకాలమున కలిగించినది. మన చెడుగుడు మీద జపానువారు ఒక అనిమే చేసినారు. హజిమె ముసాషినొ 2015లో వ్రాయనారంభించిన బొమ్మకథ 2021లో ‘బర్నింగ్ కబడ్డీ’ పేర తెరకెక్కినది. ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో మేటియై, ఆటలమీద విరక్తి చెంది, ఇంటిలో తెరముందు కూర్చుండిన యొక బాలుడు, కూత పెట్టుచు ఎదుటివారి హద్దులోనికి పోవు ఈ విచిత్రక్రీడ చేత ఆకర్షింపబడి, మరల మనుష్యుల నడుమకు వచ్చును. మన పల్లెలలో వెన్నెలరాత్రులందు తాతలు ఆడిన ఆట, రూపాయి ఖర్చు లేని ఆట, ఊపిరిని, కాలిని, కంటిని, చెలిమిని ఒక్కసారిగా పదునుపెట్టు ఆట, జపాను పిల్లవానిని తెరముందునుండి లేపినది. అట్టి కథను మన మేల చేయలేదు? ప్రపంచములోనే పెద్దదని గిన్నిస్ గ్రంథమున కెక్కిన రామోజీ ఫిల్మ్ సిటీ మా మండలములోనే యున్నది. చిత్రకళ తెలిసిన యువకులు హైదరాబాదున ఎందరో విదేశముల కథలకు బొమ్మలు గీయుచున్నారు. తమ సంస్థ పూనుకొని, నిజామాబాదునుండి బయలుదేరి 2022లోను 2023లోను బాక్సింగు ప్రపంచవిజేత యైన నిఖత్ జరీన్ వంటివారి జీవితములను, చెడుగుడు ఆడు పల్లెజట్ల కథలను బొమ్మలలో చెప్పించినచో, మా పిల్లలు తమ నుడిలో, తమ మట్టిమీద పరుగెత్తు నాయకులను, నాయికలను చూతురు.

ఇంక మా ప్రాంతపు స్థితి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము 5 నుండి 17 ఏండ్ల వయసువారికి దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన శారీరకశ్రమ యవసరము. లోకమంతట కౌమారవయస్కులలో ప్రతి యైదుగురిలోను నలుగురు ఆ మాత్రమైనను నోచుకొనుట లేదని ఆ సంస్థ పరిశోధకులు 2019లో తెలిపినారు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వీథులలోని హాస్టళ్లలో ఒక్కొక్క గదిలో మంచము ప్రక్క మంచము వేసికొని యుండు విద్యార్థులకు కాళ్లు చాచుటకైనను తావు లేదు. అంతస్తుమీద అంతస్తుగా లేచిన కళాశాలలకు ఆటస్థలము లేదు. ఉన్న డ్రిల్లు పీరియడును స్టడీ అవరు మ్రింగివేయును. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియమును, వనస్థలిపురపు జింకలవనమును ఆ దరివారికి అనుకూలములే. మెట్రోరైలు ఎల్బీనగర్‌తోనే నిలిచిపోవుటచేత మావంటి దూరపువారికి సాయంకాలమున పోయిరావలెనన్న రెండు గంటలు దారికే సరిపోవును. 2022 జూన్‌లో ప్రభుత్వము ఊరూర ‘తెలంగాణ క్రీడా ప్రాంగణము’లను ఆరంభించినది. సంకల్పము మెచ్చదగినది; బోర్డులు నిలిచియున్నవి; కాని బోర్డు వెనుక నెట్టు కట్టినవాడు, గడ్డి కోయించినవాడు, పిల్లలను పిలిచినవాడు కనబడని తావులు కొన్ని నేనెరుగుదును.

పెద్ద పెద్ద స్టేడియములను నేను కోరుట లేదు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. అనగా 162 చదరపు మీటర్లు, మా వెంచర్లవారి లెక్కలో రెండువందల గజముల ప్లాటులో ఇమిడిపోవును. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. నూటయేబదియారు గజములు చాలును. చుట్టును కొంత తెరపి విడిచినను, మూడు ప్లాట్లతో ఒక పేటకంతకును ఉదయసాయంకాలములు ఆరోగ్యము లభించును. అనుమతి పొందిన లేఅవుట్లలో కొంత భాగము ఖాళీస్థలముగా విడువవలెనను నియమ మెటులును ఉన్నది. ఆ స్థలమున ఆట జరుగునట్లు చూచుటయే కొరవడినది.

కావున తమకు నా విన్నపము. విద్యాశాఖవారితో సంప్రదించి, మండలములోని ప్రభుత్వపాఠశాలల ఆటస్థలములను బడివేళలకు వెలుపల, ఉదయము 5 గంటలనుండి 8 గంటల వరకును, సాయంకాలము దీపపు వెలుతురులో రెండు గంటలును, ఊరి పిల్లలకు తెరచియుంచుడు. అందులో ఒక భాగము బాలికలకే ప్రత్యేకించి, స్త్రీ శిక్షకురాలిని నియమింపుడు. ‘హైక్యూ’ను చూచిన బాలికలు మా వీథిలో బాలురకంటె తక్కువ లేరు, కాని చీకటిలో సర్వీసు రోడ్డుమీదికి వారిని పంపు తల్లి లేదు, పంపుమని చెప్ప నాకును ధైర్యము చాలదు. పూర్వము జిల్లాజట్లలో ఆడి ఇప్పుడు చిన్న ఉద్యోగములలో నున్న వాలీబాల్, కబడ్డీ ఆటగాండ్రు మా మండలమున ఉన్నారు. వారికి స్వల్పమైన గౌరవవేతన మిచ్చి, హకీంపేట క్రీడాపాఠశాల శిక్షకులచేత పక్షము దినములు తర్ఫీదిప్పించి, ఒక్కొక్క ప్రాంగణము నప్పగింపుడు. నెలకొక శనివారము, హక్కుదారుల యనుమతితో, పాఠశాలలో ఒక ఆటల అనిమేను ప్రదర్శించి, అది ముగిసిన వెంటనే పిల్లలను అదే ఆట ఆడుటకు మైదానములోనికి నడిపింపుడు. తల్లిదండ్రులనుగూడ ఆ దినమున పిలువుడు.

ఇందు దేనికిని క్రొత్త శాసనముతో పనిలేదు. స్థలములున్నవి, మనుష్యులున్నారు, ఉత్సాహము పిల్లలయందు పొంగుచున్నది. రాబోవు వేసవి సెలవులకు పూర్వమే అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ మండలములలో ఈ యేర్పాటును ప్రయోగముగా ఆరంభింపవలసినదిగా ప్రార్థించుచున్నాను. తాళపుచెవుల బాధ్యతను, నీళ్లకుండల బాధ్యతను వహించుటకు నావంటి విశ్రాంత ఉపాధ్యాయులము కొందరము ఇప్పుడే సిద్ధముగా నున్నాము. తమ ఉత్తరువు వచ్చిన మరునాటి ఉదయమే పనిలో ప్రవేశింతుము.

ఇట్లు,
తమ విధేయుడు,
అబ్దుల్లాపూర్‌మెట్ వాస్తవ్యుడగు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు.